పావు వంతు వెలుగులో చూసి కొనండి: లాప్‌టాప్, ట్యాబ్లెట్ తెరలతో నా అనుభవం

లాప్‌టాప్ కొనడానికి షాపుకు వెళ్తే అక్కడ వరుసగా పేర్చినవన్నీ నిండు వెలుగుతో మెరుస్తుంటాయి. తెర మీద సముద్రాలు, రామచిలకలు, రంగురంగుల పూలు. ఇంటికి తెచ్చుకున్నాక మనం చూసేది తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలు. అదీ రాత్రిపూట, వెలుగు పావు వంతుకు తగ్గించుకుని. కళ్లు లాగడం మొదలయ్యేది అక్కడే. కాబట్టి తెరను పరీక్షించాల్సింది ఆ పావు వంతు వెలుగులోనే అని నా అభిప్రాయం.

నా పని తెలుగు ప్రూఫులు దిద్దడం, మధ్యమధ్య అనువాదం. రోజంతా చూపు అక్షరాల మీదే. కొన్నేళ్లుగా తెరలు మారుస్తూ వస్తున్నాను. నాకు పడని వాటి పేర్లు ఇక్కడ రాయడం లేదు. కంపెనీలు ఒకే మోడల్ పేరు మీద వేర్వేరు చోట్ల చేయించిన తెరలు అమర్చి అమ్ముతాయి. నా దాని మీద నేనిచ్చే తీర్పు మీరు కొనేదానికి వర్తిస్తుందన్న నమ్మకం లేదు. తెర రకాన్ని బట్టి మాట్లాడుకోవడమే నయం.

ముందు ఓఎల్ఈడీ సంగతి, అంటే వెనక దీపం లేకుండా ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే తెర. 14 అంగుళాల లాప్‌టాప్, 2880×1800 పిక్సెళ్లు. అంత అందమైన తెర నేను ఇంకొకటి వాడలేదు. నలుపు నిజంగా నలుపే, అక్షరం అంచులు కత్తిరించినట్టు ఉంటాయి. పగలు కిటికీ పక్కన కూర్చుని వాడితే ఏ బాధా లేదు. రాత్రి వెలుగు తగ్గించి కాసేపు చదివితే మాత్రం కనుబొమల మధ్య బరువు, ఆ తర్వాత కణతల్లో పోటు, కడుపులో తిప్పడం. కళ్లజోడు మార్పించాను, కుర్చీ ఎత్తు మార్చాను, టేబుల్ లైటు కొన్నాను. ఏమీ తేడా రాలేదు. ఇప్పుడు అదే లాప్‌టాప్ మా అమ్మాయి దగ్గర ఉంది. గదిలో దీపాలు ఆర్పేసి అర్ధరాత్రి దాకా వాడుతుంది, తనకు ఏ ఇబ్బందీ లేదు. ఇంటర్నెట్‌లో ఒకే తెరను ఒకరు ఆకాశానికెత్తి మరొకరు తిట్టిపోయడానికి కారణం ఇదే కావచ్చు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు.

అసలు కారణం వెలుగు తగ్గించే పద్ధతిలో ఉంది. చాలా ఓఎల్ఈడీ తెరలు, కొన్ని ఎల్‌సీడీ తెరల వెనక ఉండే దీపాలు (బ్యాక్‌లైట్లు) వెలుగును నిజంగా తగ్గించవు. సెకనుకు కొన్ని వందల సార్లు ఆరి వెలుగుతాయి. వెలిగి ఉండే సమయం తగ్గి, ఆరి ఉండే సమయం పెరిగేకొద్దీ మనకు తెర మసకబారినట్టు కనిపిస్తుంది. దీన్ని పల్స్ విడ్త్ మాడ్యులేషన్, పొట్టిగా పీడబ్ల్యూఎం అంటారు. కొన్ని ఓఎల్ఈడీ ఫోన్లలో ఈ వేగం 240 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 240 సార్లు ఉంటుంది. రెండో పద్ధతి డీసీ డిమ్మింగ్. ఇందులో కరెంటునే తగ్గిస్తారు, దీపం ఆరదు. నిండు వెలుగులో మొదటి రకం తెర కూడా పెద్దగా మిణుకుమనదు. షాపులో దాని గుట్టు బయటపడకపోవడానికి కారణం అదే.

కంటికి కనిపించని మిణుకు తలనొప్పి ఎలా తెస్తుందని అడిగేవారికి పాత ఆఫీసు ట్యూబ్‌లైట్లను గుర్తు చేస్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇనుప చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు మిణుకుమంటుంది. దాని కింద పనిచేసి సాయంత్రానికి తల పట్టుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఎలక్ట్రానిక్ చోక్‌లు వచ్చాక ఆ వేగం వేల హెర్ట్జ్‌లకు పెరిగి ఆ గొడవ చాలావరకు పోయింది. ఎల్ఈడీ దీపాల మిణుకు మీద ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ 2015లో 1789 అనే మార్గదర్శకం ఇచ్చింది. దాని లెక్కలో 3000 హెర్ట్జ్ దాటితే ఆందోళన లేదు. 240 హెర్ట్జ్ దగ్గర మాత్రం వెలుగులో హెచ్చుతగ్గులు సుమారు 19 శాతానికి మించకపోతేనే ప్రమాదం తక్కువ. తక్కువ వెలుగులో ఉన్న ఓఎల్ఈడీ తెర పూర్తిగా ఆరి వెలిగే సందర్భాలు ఉంటాయి. ఆ మార్గదర్శకం దీపాల కోసం రాసింది, తెరల కోసం కాదు. అయినా నా నొప్పికి ఒక దారి చూపించింది.

షాపులో చేయగలిగిన పరీక్ష ఒకటుంది. తెర మీద తెల్లటి పేజీ తెరిచి వెలుగు పావు వంతుకు తగ్గించండి. ఫోను కెమెరాను ప్రో మోడ్‌లో పెట్టి షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకో రెండు వేలో వంతుకో మార్చి తెర వైపు చూడండి. నల్లటి పట్టీలు పాకుతూ కనిపిస్తే అది ఆరి వెలిగే తెర. పట్టీలు సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటే వేగం ఎక్కువ. మందంగా, ముదురుగా ఉంటే నేనైతే వెనక్కి పెట్టేస్తాను. కెమెరా కుదరకపోతే తెర ముందు పెన్సిల్‌ను వేగంగా అటూ ఇటూ ఊపి చూడండి. పెన్సిల్ ఒక మసక విసనకర్రలా కనిపిస్తే మంచిదే, విడివిడిగా చాలా పెన్సిళ్లు కనిపిస్తే అనుమానించాలి. సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. కొనబోయే మోడల్ పేరు తెలిస్తే నోట్‌బుక్‌చెక్ సైటు సమీక్షల్లో పీడబ్ల్యూఎం కొలతలు ఇస్తారు, ముందే చూసుకుని వెళ్లవచ్చు.

మిణుకు లేనంత మాత్రాన తెర మంచిదైపోదు. ఆ ఓఎల్ఈడీకి ముందు నేను వాడింది 15.6 అంగుళాల, 1366×768 పిక్సెళ్ల చౌక లాప్‌టాప్. అందులో మిణుకు లేదు, తలనొప్పీ లేదు, కానీ కళ్లు అలిసిపోయేవి. లెక్క వేస్తే అంగుళానికి వంద పిక్సెళ్లు. ఇంగ్లిషు అక్షరాలకు అది ఎలాగో సరిపోతుంది. తెలుగులో వత్తులు కింద ఇరుక్కుంటాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక, ‘ధ’ కడుపులో చుక్క పెడితే ‘థ’. ఆ చుక్క ఉందా లేదా అని రోజుకు ఎన్నోసార్లు ముందుకు వంగి చూడాల్సి వస్తే మెడకూ కంటికీ ఇద్దరికీ శిక్షే. నా లెక్కలో తెలుగు చదివేవాళ్లకు అంగుళానికి 140 పిక్సెళ్లు కనీసం, 160 దాటితే హాయి. 15.6 అంగుళాల్లో 1920×1080 అంటే 141. 14 అంగుళాల్లో 1920×1200 అంటే 162. 27 అంగుళాల 4కె (3840×2160) మానిటర్ 163.

నీలి కాంతి గురించి ఎక్కువ రాయను. కళ్లజోడు దుకాణంలో ‘బ్లూ కట్’ అద్దాలకు అదనంగా డబ్బు కట్టాను, తేడా తెలియలేదు. వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ 2023లో 17 అధ్యయనాలను కలిపి పరిశీలించి, కంప్యూటర్ పనిలో వచ్చే కంటి అలసటకు ఆ అద్దాల వల్ల ప్రయోజనం ఉండకపోవచ్చనే చెప్పింది. తెరను పసుపు చేసే నైట్ లైట్ రాత్రి చూపుకు కాస్త చల్లగా ఉంటుంది, అందుకే వేసుకుంటాను. అయితే మిణుకుమనే తెరను ఎంత పసుపు చేసినా మిణుకు పోదు.

ట్యాబ్లెట్లలో నాకు నచ్చింది ఐప్యాడ్ ఎయిర్. నా దగ్గర ఉన్నది ఎల్‌సీడీ, అంగుళానికి 264 పిక్సెళ్లు, గాజుకూ తెరకూ మధ్య ఖాళీ లేదు. రాత్రి పడక మీద చదివినా ఇబ్బంది రాలేదు. ఐప్యాడ్ ప్రో 2024లో ఓఎల్ఈడీకి మారింది, కాబట్టి ఖరీదైనదే కంటికి మంచిదనుకుని దాని వైపు వెళ్లకండి, ముందు పెన్సిల్ ఊపి చూడండి. గాజు తెరలన్నింటికీ ఉన్న జబ్బు ప్రతిబింబం. పైన తిరిగే ఫ్యాను, గోడ మీద ట్యూబ్‌లైటు పేజీ మీదికి వచ్చి కూర్చుంటాయి. గరుకు ఫిల్ము అతికిస్తే అవి పోతాయి గాని తెల్లటి పేజీ మీద ఇసుక చల్లినట్టు ఉంటుంది. నేను అతికించి, పీకేశాను.

కాగితం మీద సిరా అచ్చులా కనిపించే ఈ-ఇంక్ తెర మీద నాకున్న ప్రేమ వేరు. 10.3 అంగుళాల ఆండ్రాయిడ్ పరికరం, అంగుళానికి 227 పిక్సెళ్లు. ఎండలో వరండాలో కూర్చుని చదవగలిగే తెర ఇదొక్కటే. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాల స్కాన్లు చదవడానికి దీన్ని మించింది నేను చూడలేదు. ఆరంగుళాల రీడర్‌లో ఆ స్కాన్లు చీమ తలలంత అక్షరాలతో వస్తాయి. అందుకే ఈ పనికి పది అంగుళాలకు తక్కువ కొనవద్దని గట్టిగా చెబుతాను. ఇంకో సంగతి. కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు 2016లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళంతో మొదలయ్యాయి. ఆ జాబితాలో తెలుగు లేదు. ఆండ్రాయిడ్ ఉన్న ఈ-ఇంక్ అయితే తెలుగు యాప్‌లు మనమే వేసుకోవచ్చు. అయితే దిద్దుబాటు పనికి ఇది పనికిరాదు. పేజీ తిప్పితే ముందు పేజీ నీడ మిగులుతుంది, టైపు చేస్తే అక్షరం వేలి వెనకాల నడిచి వస్తుంది. రంగుల ఈ-ఇంక్ కూడా చూశాను. కెలైడో 3 తెరలో నలుపు తెలుపులకు అంగుళానికి 300 పిక్సెళ్లున్నా రంగులకు 150 మాత్రమే. పైన ఉండే రంగుల పొర వల్ల కాగితం బూడిద రంగుకు తిరుగుతుంది, దాంతో గదిలో లైటు పెంచాల్సి వస్తుంది. పుస్తకాలు చదివేవారికి నలుపు తెలుపే చాలు.

తెర ఏదైనా, తప్పంతా దానిదే కాదు. తెర చూస్తున్నప్పుడు మనం రెప్ప వేయడం మామూలులో సగం కన్నా తగ్గిపోతుందని కంటి వైద్యులు చెబుతారు. ఆ పైన ఫ్యాను గాలి నేరుగా మొహానికి తగిలేలా కూర్చుంటే కళ్లు ఎండిపోక ఏమవుతాయి? నేను బల్లను ఫ్యాను కింద నుంచి పక్కకు జరిపాను. ఖర్చు లేని ఆ పని కొన్ని వేల రూపాయల సామాను కన్నా ఎక్కువ ఉపయోగపడింది. నలభై దాటి చత్వారం వచ్చినవారు ఇంకో విషయం చూసుకోవాలి. ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గరి చూపు కింది భాగంలో ఉంటుంది. లాప్‌టాప్ చదవాలంటే గడ్డం పైకెత్తి కూర్చోవాలి. తెర దూరాన్ని టేపుతో కొలుచుకుని వెళ్లి, ఆ దూరానికే వేరే జోడు చేయించుకున్నాను. అది వేసుకుని వీధిలో నడవలేను, పని గంటల్లో తీయలేను.

ఇప్పుడు బల్ల మీద ఉన్నది డీసీ డిమ్మింగ్ ఉన్న 27 అంగుళాల 4కె ఐపీఎస్ (ఎల్‌సీడీలో ఒక రకం) మానిటర్, గరుకు తెర. అక్షరాలు 150 శాతానికి పెంచి, వెలుగు వెనక గోడతో సమానంగా ఉండేలా పెట్టుకున్నాను. బయటికి వెళ్తే 14 అంగుళాల ఐపీఎస్ లాప్‌టాప్. రంగులు ఓఎల్ఈడీ ముందు వెలవెలబోతాయి, సినిమా చూసేటప్పుడు ఆ లోటు తెలుస్తుంది. ప్రూఫులు చూసేటప్పుడు తెలియదు.

ఫోను దగ్గరే రాజీ పడ్డాను. మంచి ఫోన్లన్నీ దాదాపు ఓఎల్ఈడీకి వెళ్లిపోయాయి. వేగం పెంచిన తెరలు వస్తున్నాయి, 2023లో మన దేశంలో విడుదలైన హానర్ 90కి 3840 హెర్ట్జ్ అని కంపెనీ చెప్పింది. తప్పనిసరిగా ఓఎల్ఈడీ వాడాల్సినవారు వెలుగును సగం పైనే ఉంచి, ఐఫోనులో ‘రెడ్యూస్ వైట్ పాయింట్’, ఆండ్రాయిడ్‌లో ‘ఎక్స్‌ట్రా డిమ్’ వాడితే సాఫ్ట్‌వేరే తెరను మసకబారుస్తుంది. నాకు అది కొంత పనిచేసింది, పూర్తిగా కాదు. అందుకే చౌక రకం ఎల్‌సీడీ ఫోనే ఉంచుకున్నాను. ఫొటోలు బాగా రావు. ఎవరైనా పొడుగాటి సందేశం పంపితే బల్ల దగ్గరికి వెళ్లి మానిటర్ మీద తెరుస్తాను.