మార్ష్‌మాలో: జెలటిన్, అగర్, క్రీమ్... ఏది మేలు?

పోషకాలు చూసి మార్ష్‌మాలో (దూదిలా మెత్తగా ఉండే మిఠాయి) కొందామనుకుంటే ఆ ఆశ వదులుకోండి. మామూలు జెలటిన్ రకం 100 గ్రాములకు సుమారు 320 కేలరీలు, అందులో పంచదారే 58 గ్రాముల దాకా ఉంటుంది. ప్రోటీన్ 2 గ్రాములలోపే. అదీ ట్రిప్టోఫాన్ (శరీరానికి తప్పనిసరైన ఒక అమైనో ఆమ్లం) లేని జెలటిన్ ప్రోటీన్. ప్యాకెట్ మీద ‘ఫ్యాట్ ఫ్రీ’ అన్నది నిజమే, కానీ పంచదార మిఠాయికి ఆ బిరుదెందుకో! ఒక్కో ముక్క 7 గ్రాములు, 23 కేలరీలు. లోపలంతా గాలే కాబట్టి ఎన్ని తిన్నామో తెలియదు. అగర్ రకమైనా, సీసాలో వచ్చే మార్ష్‌మాలో క్రీమ్ అయినా పంచదార పెద్దగా తగ్గదు.

పేరు చూసి మూలికా మిఠాయి అనుకోనక్కర్లేదు. ఒకప్పుడు మార్ష్‌మాలో మొక్క వేరు జిగురుతో చేసేవారు, ఇప్పుడది వాడరు.

అసలు తేడా వేడి దగ్గర తెలుస్తుంది. జెలటిన్ దాదాపు 35 డిగ్రీలకే కరుగుతుంది, అంటే నోటి వేడి చాలు. వేడి కోకో మీద నురగలా పరుచుకునేది, వెన్నతో కరిగి మరమరాలను అంటిపెట్టుకునేది అందుకే. పుల్లకు గుచ్చి కాల్చడానికీ ఇదే నా ఓటు. మంటలో పెడితే పైన మాడుతుంది, లోపల గట్టిగానే ఉంటుంది. నిప్పుల మీద తిప్పుతూ ఓపిక పడితే బంగారు రంగు వస్తుంది.

అయితే జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. అది వద్దనుకునేవాళ్లకు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ ఉంది. అగర్ 85 డిగ్రీల దాకా కరగదు, కాబట్టి ఎండాకాలం డబ్బాలో పెట్టి పంపడానికి భేష్. నోట్లో మాత్రం కరగదు, సాగదు, పుటుక్కున తెగుతుంది.

క్రీమ్‌లో జెలటిన్ బదులు గుడ్డు తెల్లసొన ఉంటుంది. బ్రెడ్‌కు, కేక్‌కు పూయడానికి దీన్ని మించింది లేదు. ఒకసారి పొదుపు చేద్దామని మామూలు ముక్కలే కరిగించి కేక్ మీద పూశాను. చల్లారాక రబ్బరులా బిగిసి, కత్తి పెడితే కేక్‌ను కూడా పట్టుకుని లేచింది.

పసిపిల్లలకు ఏ రకమూ ముక్కగా ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. కాస్త పెద్ద పిల్లలకైతే చిన్నగా కత్తిరించి ఇవ్వండి. కత్తెరకు నూనె రాస్తే అంటుకోదు.