మారతహళ్ళి "ఆటో లాగిన్ బాట్" జోలికి పోకండి

డబ్బు పోయిన కోపంలోనే రాస్తున్నా, మాట తూలితే ఏమనుకోకండి. ఆ మనిషెవరో బెంగళూరు తెలుగు గ్రూపుల్లో ఉన్న ఎవరికైనా తెలుసు. "ఏ పోర్టల్‌ అయినా లాగిన్ చేసి ఇన్‌వాయిస్‌లు దించుతుంది" అని తన బాట్ (మన బదులు తనే లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) గురించి రోజూ పెడతాడుగా, ఆయనే. 18,000. సగం అడ్వాన్సు, మిగతాది డెమో అవ్వగానే. డెమో బ్రహ్మాండం. మర్నాటి నుంచి దించిన పీడీఎఫ్ ఒక్కటీ తెరుచుకోదు.

ఆ పీడీఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల ఉన్నది పోర్టల్ లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్. సెషన్ (లాగిన్ అయ్యాక సర్వర్ మనల్ని గుర్తుంచుకునే కాలం) గడువు తీరితే చాలా పోర్టళ్ళు 401, అంటే "లాగిన్ అవ్వలేదు" అనే కోడ్ ఇవ్వవు, 302 అనే దారి మళ్ళింపు కోడ్‌తో లాగిన్ పేజీకి తోసేస్తాయి, ఆ పేజీ శుభ్రంగా 200, అంటే "అంతా సరే" అనే కోడ్ ఇస్తుంది. మన బాట్ ఆ 200 చూసి మురిసిపోయి, పచ్చరంగులో "సక్సెస్" అని కొట్టి, లాగిన్ పేజీనే ఇన్‌వాయిస్ పేరుతో సేవ్ చేసింది. వచ్చిన కంటెంట్ టైప్ పీడీఎఫ్ అవునా కాదా అని చూసే ఒక్క లైను లేదు.

అసలు విడ్డూరం కోడ్‌లో ఉంది. యూజర్‌నేమ్‌కీ పాస్‌వర్డ్‌కీ అందంగా రెండు డబ్బాలు పెట్టాడు. వాటిలో కొట్టింది ఎక్కడికీ పోదు! హెడర్స్‌లో (రిక్వెస్టుతో పాటు పోయే వివరాలు) కుకీ, అంటే లాగిన్ అయిన మనిషిని సర్వర్ గుర్తుపట్టే చీటీ అని రాసి, దాని పక్కన క్రోమ్ నెట్‌వర్క్ ట్యాబ్ నుంచి కాపీ కొట్టిన జేసెషన్‌ఐడీ (జావా సర్వర్లు ఇచ్చే సెషన్ నంబరు) అతికించాడు. డెమోకి కాస్త ముందు తాజాగా అతికించింది కాబట్టే డెమో నడిచింది. జావా సర్వర్లలో టామ్‌క్యాట్ డిఫాల్ట్ సెషన్ గడువు 30 నిమిషాలు, అంతసేపు కదలిక లేకపోతే ఆ ఐడీ చెత్తబుట్టకే.

గడువు తీరకపోయినా ఆ పద్ధతి నిలవదు. పైథాన్‌లో వెబ్ పేజీలు తెచ్చే రిక్వెస్ట్స్ లైబ్రరీలో కుకీ హెడర్ చేత్తో పెడితే, సర్వర్ సెట్-కుకీతో కొత్త ఐడీ ఇచ్చినా జార్‌లో (లైబ్రరీ కుకీలు దాచుకునే చోటు) పడి ఉంటుందే తప్ప తర్వాతి రిక్వెస్టులో పోదు, చేత్తో పెట్టిన పాతదే పోతుంది. పైగా దారిలో రీడైరెక్ట్ తగిలితే లైబ్రరీ ఆ హెడర్‌ను తీసేసి జార్‌లో ఉన్నవే పంపుతుంది. అంటే అతికించిన కుకీ అక్కడితో మాయం.

చెయ్యాల్సిందేమో పది లైన్ల పని. ఒక సెషన్ ఆబ్జెక్ట్ తెరిచి ముందు లాగిన్ పేజీని గెట్ చెయ్యాలి, అంటే తెప్పించుకోవాలి. లాగిన్‌కి ముందే వచ్చే కుకీ, ఫారంలో దాగిన సీఎస్ఆర్ఎఫ్ టోకెన్ (ఫారం ఆ పేజీ నుంచే వచ్చిందని రుజువు చేసే కోడ్) అక్కడే దొరుకుతాయి. ఆ టోకెన్ కలిపి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అదే సెషన్‌తో పోస్ట్ చెయ్యాలి (పంపాలి), లేకపోతే చాలా చోట్ల 403, అంటే "అనుమతి లేదు". లాగిన్ అయ్యాక సర్వర్ సెషన్ ఐడీ మార్చేసినా జార్ దానంతటదే సర్దుకుంటుంది. లాగిన్ జవాబు 302 అయితే కుకీ ఆ మధ్య జవాబులోనే వస్తుంది, చివరి రెస్పాన్స్ కుకీల్లో వెతికి "రాలేదు" అనుకోకూడదు, సెషన్ ఆబ్జెక్ట్ కుకీల్లో చూడాలి. కుకీలు ఫైల్లో దాచుకోవాలంటే పైథాన్‌లోనే మొజిల్లా కుకీ జార్ ఉంది, కాకపోతే సేవ్‌లోనూ లోడ్‌లోనూ ఇగ్నోర్ డిస్కార్డ్ అనే సెట్టింగ్ ట్రూ పెట్టకపోతే గడువు తేదీ లేని కుకీలను (వాటినే సెషన్ కుకీలు అంటారు) వదిలేస్తుంది.

ఇదంతా ఫోన్లో అడిగితే ఆయన సెలవిచ్చింది వినండి. "కుకీ ఎక్స్‌పైర్ అయ్యుంటది బ్రో. రోజూ పొద్దున్నే నువ్వు క్రోమ్‌లో లాగిన్ అయ్యి కుకీ నాకు వాట్సాప్ చెయ్యి, నేను మార్చి పంపిస్తా. నెలకి 1,500 ఏఎంసీ (మెయింటెనెన్స్ ఫీజు). మన తెలుగోడివని తక్కువ చెప్తున్నా."

రోజూ మనమే లాగిన్ అవ్వాలి, దాన్ని ఆటోమేషన్ అనాలి, దానికి నెలనెలా కట్నం చదివించాలి! కుకీ అలా పంపకూడదు కదా అంటే "అంత తెలిసినోడివి నువ్వే రాసుకోవాల్సింది" అని కట్ చేశాడు. నిజమే మహానుభావా, ఆ 18,000తో రాసుకుని ఉండాల్సింది.

డబ్బుకన్నా ఆ వాట్సాప్ మాటే నాకు మండింది. సెషన్ కుకీ గుడి ముందు చెప్పుల స్టాండ్ టోకెన్ లాంటిది, ఎవరు తెచ్చి చూపిస్తే వాళ్ళకే చెప్పులు. చాలా సైట్లలో అది ఒక్కటి చేతిలో పడితే పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ అడగదు. మీ సప్లయర్ రేట్లు, బ్యాంకు వివరాలు అన్నీ వాడి ముందు పరిచినట్టే. ఇప్పటికే పంపిన వాళ్ళు ఉంటే, బ్రౌజర్లో కుకీ డిలీట్ చేసి ఊరుకోకండి. మీ దగ్గర పోతుంది, సర్వర్‌లో సెషన్ బతికే ఉంటుంది. పోర్టల్‌లోకి వెళ్ళి లాగౌట్ నొక్కండి, "అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్" ఉంటే అదే నొక్కండి, తర్వాత పాస్‌వర్డ్ మార్చండి.

ఇంకెవరి దగ్గరైనా ఇలాంటిది కొంటుంటే డెమో వాళ్ళ ల్యాప్‌టాప్‌లో ఒప్పుకోకండి. మీ మెషీన్‌లో, పోర్టల్ నుంచి లాగౌట్ అయ్యాక, కావాలనే తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి నడిపించమనండి. అప్పుడూ "సక్సెస్" వస్తే బ్యాలెన్స్ ఆపేయండి.