అమెరికా నర్సుల మానిటరింగ్ ప్రోగ్రాం: సంతకం పెట్టే ముందు చదవాల్సిన సమీక్ష

వార్డులో ఫెంటనిల్ అనే బలమైన నొప్పి మందు వయళ్ల లెక్క తేలకపోవచ్చు, తోటి నర్సు మేనేజర్ చెవిన వేయొచ్చు, లేదా మనిషి తనంతట తానే ఇక చాలనుకోవచ్చు. ఎలా బయటపడినా, ఓపియాయిడ్ (నల్లమందు తరహా మందుల) వ్యసనంలో ఉన్న నర్సుకు అమెరికాలో మిగిలేవి ప్రధానంగా రెండు దారులు. మొదటిది లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర నర్సింగ్ బోర్డు విచారణ. లైసెన్స్ సస్పెండ్ అయితే ఆ ఆర్డర్ ఎవరైనా చూడగలిగేలా బోర్డు రికార్డులో ఉండిపోతుంది. రెండోది, శిక్షకు బదులు పర్యవేక్షణలో ఉంచే మానిటరింగ్ ప్రోగ్రాం. ఫ్లోరిడాలో 1983 నుంచి నడుస్తున్న ఐపీఎన్, టెక్సస్‌లో 1987 నుంచి ఉన్న టీపాపెన్ ఈ కోవలోవే. చాలా రాష్ట్రాల్లో ఇలాంటివి ఏదో ఒక పేరుతో ఉన్నాయి. పేర్లు వేరైనా నడిచే తీరు దాదాపు ఒకటే కాబట్టి అన్నిటినీ కలిపి ఒకే సేవగా తూచి చూద్దాం.

ముందే తేల్చి చెప్పాలంటే, లైసెన్స్ నిలబెట్టుకోవడానికి ఇంతకన్నా మెరుగైన ఏర్పాటు లేదు. చికిత్స దొరుకుతుందనుకుని చేరితే మాత్రం నిరాశే. వైద్యం చేసేది వేరే డాక్టర్, వేరే క్లినిక్. ప్రోగ్రాం చేసేది కాపలా, దాంతోపాటు బోర్డుకు మీ తరఫున సాక్ష్యం. ఈ తేడా తెలియక, ప్రోగ్రాం తరఫున తమ ఫైలు చూసే కేస్ మేనేజర్‌ని కౌన్సెలర్ అనుకుని మనసులోని మాటలన్నీ చెప్పుకునేవాళ్లు ఉన్నారు. ఆవిడ రాసుకునే ప్రతి ముక్కా ఫైల్లోకి వెళ్తుంది.

చేరడం ఫోన్ కాల్‌తో మొదలవుతుంది. ఆ తర్వాత ప్రోగ్రాం ఒప్పుకున్న నిపుణుడి దగ్గర పరీక్ష చేయించుకోవాలి. ఆయన సిఫారసు చేసిన చికిత్స మొదలుపెట్టాక కాంట్రాక్ట్ చేతికి ఇస్తారు. వ్యసనం నిర్ధారణ అయితే కాలవ్యవధి మామూలుగా 3 నుంచి 5 ఏళ్లు. రోజూ యాప్‌లో చెక్-ఇన్, పిలిచిన రోజు మూత్ర పరీక్ష, వారానికో నర్సుల సపోర్ట్ గ్రూప్, పనిచేసేచోట సూపర్‌వైజర్ పంపే రిపోర్టులు, డాక్టర్ రాసే ప్రతి మందు చీటీ కాపీ. వినడానికి జైలులా ఉన్నా ఈ విసుగు పుట్టించే భాగమే పనిచేస్తోంది. నర్సింగ్ బోర్డుల జాతీయ సంఘం ఎన్‌సీఎస్‌బీఎన్ 2020లో వెలువరించిన అధ్యయనం కూడా రోజువారీ చెక్-ఇన్, నెలకు రెండు ర్యాండమ్ పరీక్షలు, 5 ఏళ్ల వ్యవధి ఉన్నచోట ప్రోగ్రాం పూర్తిచేసేవాళ్లు ఎక్కువని చెప్పింది.

ఇక మూత్ర పరీక్ష. ఈ సేవలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే, అదీ మత్తుమందు వాడి కాదు. ఉదయం చెక్-ఇన్‌లో పిలుపు వస్తే ఆ రోజే కలెక్షన్ సెంటర్ మూసేలోపు వెళ్లాలి. చెక్-ఇన్ మరిచిపోయినా నాగా కిందే లెక్క. పిలిచినా వెళ్లకపోతే చాలాచోట్ల పాజిటివ్‌తో సమానం. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకునేవాళ్లకు ఇది గండమే. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకుని, ఇంట్లో ఒకరికి కూడా చెప్పి ఉంచడం మంచిది.

శాంపిల్ ఇచ్చిన 4 నిమిషాల్లోపు దాని వేడి 90 నుంచి 100 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉందో లేదో చూస్తారు. ల్యాబ్‌లో క్రియాటినిన్ (కండరాల నుంచి మూత్రంలోకి వచ్చే వ్యర్థం) డెసిలీటరుకు 20 మిల్లీగ్రాముల కంటే తక్కువగా, స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం చిక్కదనం) 1.003 కంటే తక్కువగా ఉంటే 'డైల్యూట్' అని రాస్తారు. అంటే నీళ్లు తాగి పలచన చేశారన్న అనుమానం. ఒకటి రెండు డైల్యూట్‌లు వస్తే పరీక్షల సంఖ్య పెంచుతారు. మాంసం తినని, కండ తక్కువగా ఉన్న ఆడవాళ్లకు క్రియాటినిన్ మామూలుగానే తక్కువ. కంగారులో రెండు లీటర్ల నీళ్లు తాగి వెళ్తే దొరికిపోయినట్టే. పిలుపు ఉన్న రోజు నీళ్లు తగ్గించి, కాఫీ, టీ పక్కన పెట్టి, వీలైతే నిద్ర లేచాక వచ్చే మొదటి మూత్రమే ఇచ్చేలా వెళ్లాలి.

మన వంటింటి విషయం చాలా హ్యాండ్‌బుక్కుల్లో ఒక్క లైనులో ముగిసిపోతుంది, కానీ తెలుగు నర్సుకు అదే ముఖ్యం. గసగసాలు. కోడికూర మసాలాలో, గుత్తివంకాయ ముద్దలో, హోటల్ కుర్మాలో, పాయసంలో ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. గింజ మీద అంటుకున్న నల్లమందు పాల వల్ల మూత్రంలో మార్ఫిన్, కోడీన్ నిజంగానే కనబడతాయి. ల్యాబ్ తప్పు చెప్పడం లేదన్నమాట. ఈ గింజల గొడవ వల్లే అమెరికా ప్రభుత్వం ఉద్యోగుల పరీక్షల్లో ఓపియేట్ హద్దును 1998లో మిల్లీలీటరుకు 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచింది. మానిటరింగ్ ప్రోగ్రాంలు ఆ హద్దుకు కట్టుబడాల్సిన పనిలేదు, ఇంకా తక్కువకే పట్టే ప్యానెళ్లు (ఒకే శాంపిల్‌పై చేసే పరీక్షల జాబితాలు) వాడుకోవచ్చు. వేయించినా కడిగినా ఎంత పోతుందో, ఎంత మిగులుతుందో భరోసా లేదు. "మా అత్తగారి కూర" అన్న సంజాయిషీని ఎవరూ ఒప్పుకోరు, ఎందుకంటే తినకూడదని కాంట్రాక్ట్‌లోనే రాసి సంతకం పెట్టించుకుంటారు. బజారు మసాలా పొడుల వెనక పదార్థాల జాబితా చదవాలి, విందుల్లో అడిగి తినాలి.

రెండో ఉచ్చు ఆల్కహాల్. వ్యసనం ఓపియాయిడ్‌దే అయినా కాంట్రాక్ట్ మద్యాన్నీ నిషేధిస్తుంది. ఈటీజీ అనే పరీక్ష రెండు మూడు రోజుల కిందటి ఆల్కహాల్ జాడను కూడా పట్టేస్తుంది. ఇంటి నుంచి పంపిన దశమూలారిష్టం, అశ్వగంధారిష్టం పులియబెట్టి చేసేవి, వాటిలో 5 శాతం నుంచి 12 శాతం దాకా ఆల్కహాల్ ఉండొచ్చు. హోమియో మదర్ టింక్చర్లు, మౌత్‌వాష్, కొన్ని దగ్గు సిరప్‌లు కూడా ఇంతే. వార్డులో చేతికి రాసుకునే శానిటైజర్ మరీ ఇబ్బంది, డ్యూటీలో దాన్ని తప్పించుకోలేం. మిల్లీలీటరుకు 100 నానోగ్రాముల దగ్గరే హద్దు పెట్టిన ప్యానెల్ అయితే ఈ చిన్న చిన్న జాడలే గోల చేస్తాయి. 500 దగ్గర పెడితే చాలావరకు తప్పుతుంది. మీ ప్యానెల్ హద్దు ఎంతో మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడగండి. రాసుకున్నాక చెయ్యి ఆరేదాకా ఆవిరి పీల్చకుండా చేతుల్ని దూరంగా పట్టుకోవాలి, సింకు దగ్గరుంటే సబ్బుకే ఓటు.

ఈ సేవలో అన్నిటికన్నా పెద్ద లోపం మందుల సంగతి. ఓపియాయిడ్ వ్యసనానికి నిలబడే చికిత్స బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్. ఇవి తీసుకుంటున్న నర్సును చాలాకాలం కొన్ని రాష్ట్రాలు గడప తొక్కనివ్వలేదు. 2022 మార్చిలో అమెరికా న్యాయశాఖ ఇండియానా నర్సింగ్ బోర్డు కేసులో, ఇలా అడ్డుకోవడం వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏకి విరుద్ధమని తేల్చింది. అప్పటి నుంచి రాతలో మారినా చేతలో ఇంకా మెలికలు ఉన్నాయి. 'తగ్గించుకుంటూ వచ్చి ఫలానా నెలకు ఆపేయాలి' అని ఒత్తిడి తేవచ్చు. బాగా పనిచేస్తున్న మందును వైద్య కారణం లేకుండా ఆపితే మళ్లీ వాడకంలోకి జారే ప్రమాదం పెరుగుతుంది. పైగా అప్పటికి శరీరం పాత మోతాదును తట్టుకోలేదు కాబట్టి ఒక్క తప్పుతోనే ప్రాణం పోవచ్చు. అందుకే కాంట్రాక్ట్ చదివేటప్పుడు ముందు చూడాల్సిన పేజీ ఇదే. మందు డోసు నిర్ణయం మీ డాక్టర్‌దేనని అందులో ఉందా లేదా?

బ్యూప్రెనార్ఫిన్ మామూలు ఓపియేట్ ప్యానెల్లో కనబడదు, దానికి విడిగా పరీక్ష ఉంటుంది. ల్యాబ్ మందుతోపాటు, అది శరీరంలో కరిగాక పుట్టే నార్‌బ్యూప్రెనార్ఫిన్ ఉందా అనీ చూస్తుంది. మొదటిది బాగా ఎక్కువగా ఉండి రెండోది లేకపోతే మందు వేసుకోకుండా ఫిల్మ్‌ను (నాలుక కింద పెట్టుకునే మందు రేకును) నేరుగా శాంపిల్‌లో ముంచారని అర్థం చేసుకుంటారు. నెలకోసారి వేసే ఇంజెక్షన్ రూపం తీసుకుంటే ఈ అనుమానాలు, ఫిల్మ్‌ల లెక్కలు రెండూ ఉండవు. నర్సుకు అది సుఖం. మెథడోన్ క్లినిక్‌కి రోజూ తెల్లవారుజామున వెళ్లడం ఉదయం 7 గంటలకు మొదలయ్యే డ్యూటీతో పొసగేది కాదు. 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ నియమంతో చికిత్స మొదలైన 31వ రోజు నుంచి 28 రోజుల మందు దాకా ఇంటికి ఇవ్వొచ్చు. క్లినిక్ ఇస్తుందా అన్నది వాళ్ల ఇష్టం, అడగాలి.

కొన్ని ప్రోగ్రాంలు నెలకు 380 మిల్లీగ్రాముల నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్ వైపు మొగ్గుచూపుతాయి, అది మత్తుమందు కాదు కాబట్టి. మంచి మందే, కాకపోతే మొదలుపెట్టే ముందు 7 నుంచి 10 రోజులు ఓపియాయిడ్ లేకుండా గడపాలి. ఇంజెక్షన్ ప్రభావం ఉండగా ఆపరేషన్ అవసరమైతే ఓపియాయిడ్ నొప్పి మందులు మామూలు మోతాదులో పనిచేయవు కాబట్టి మత్తు డాక్టర్‌కి ముందే తెలియాలి.

డ్యూటీకి తిరిగి వెళ్లడం అసలు పరీక్ష. మొదట్లో 6 నుంచి 12 నెలలు నార్కోటిక్ మందులు ముట్టకూడదని షరతు ఉంటుంది. మందులు తాళంలో ఉంచే పిక్సిస్, ఆమ్నిసెల్ కంప్యూటర్ అల్మరాల్లో ఆ డ్రాయర్లు మీ వేలిముద్రకు తెరుచుకోవు. మీ పేషెంట్‌కి మార్ఫిన్ కావాలంటే పక్క నర్సు ఇవ్వాలి, బదులుగా ఆవిడ యాంటీబయాటిక్ డ్రిప్ మీరు పెట్టాలి. ఈ మార్పిడి ముందే మాట్లాడుకోకపోతే పది రోజుల్లో యూనిట్ అంతా గుర్రు మొదలవుతుంది. మిగిలిన మందు పారబోసేటప్పుడు సాక్షి సంతకానికి కూడా మీరు పనికిరారు. నైట్లు, ఓవర్‌టైమ్, ఏజెన్సీ, హోమ్ హెల్త్ మామూలుగా ఒప్పుకోరు. ఐసీయూ, ఎమర్జెన్సీ, అనస్థీషియా పట్టుకుని కూర్చోకుండా డయాలసిస్, ఫోన్ ట్రయాజ్, కేస్ మేనేజ్‌మెంట్, బీమా కంపెనీల రికార్డుల పరిశీలన వైపు చూస్తే ఉద్యోగం తొందరగా దొరుకుతుంది.

ఖర్చు తడిసి మోపెడవుతుంది. పరీక్షకు ల్యాబ్ బిల్లు ఒకటి, శాంపిల్ తీసుకున్న చోట ఇంకొకటి. రెండూ చాలావరకు మీ జేబులోంచే. జీతం లేని మొదటి నెలల్లోనే పరీక్షలు ఎక్కువగా ఉంటాయి. డబ్బు సర్దలేక మానేసిన పరీక్ష కూడా నాగాయే, కాబట్టి ఆర్థిక సాయం ఫారం ఉందా అని చేరిన రోజే అడగాలి. ఉద్యోగం ఇంకా ఉంటే రాజీనామా ఇవ్వొద్దు. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలో 12 నెలలు, 1250 గంటలు పూర్తిచేసినవాళ్లకు కుటుంబ, వైద్య సెలవుల చట్టం ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద చికిత్స కోసం 12 వారాల సెలవు హక్కుగా వస్తుంది.

కాగితాల దగ్గర చేతులు కాల్చుకునేది మూడు చోట్ల. ఒకటి, పలు రాష్ట్రాల్లో చెల్లే మల్టీస్టేట్ కాంపాక్ట్ లైసెన్స్ ఉన్నవాళ్లకు, ప్రోగ్రాంలో ఉన్నంతకాలం అది సొంత రాష్ట్రానికే పరిమితమవుతుంది. టెక్సస్ లైసెన్స్‌తో పక్క రాష్ట్రం పేషెంట్‌కి ఫోన్‌లో సలహా చెప్పినా ఉల్లంఘనే. రెండు, ఫిర్యాదు నడుస్తుండగా 'స్వచ్ఛందంగా' లైసెన్స్ వదులుకుంటే ఆరోగ్యశాఖ తనిఖీ విభాగం ఓఐజీ బహిష్కరణ జాబితాలో పేరు పడే ప్రమాదం ఉంది. అందులో పడితే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ డబ్బు తగిలే ఏ ఉద్యోగమూ, బిల్లింగ్ క్లర్క్ పని కూడా, దొరకదు. మూడు, హెచ్-1బీ మీదో గ్రీన్‌కార్డ్ వరసలోనో ఉన్నవాళ్లు. వార్డులోని మత్తుమందు కాజేశానని రాసిచ్చే వాంగ్మూలం ఇమిగ్రేషన్ చట్టంలో నేరం ఒప్పుకున్నట్టు చూసే అవకాశం ఉంది. గ్రీన్‌కార్డ్ వైద్యపరీక్షలో వ్యసనం నుంచి 12 నెలలు నిలకడగా దూరంగా ఉన్నట్టు తేలాలి. ఉద్యోగం పోతే హెచ్-1బీ వాళ్లకు గడువు గరిష్ఠంగా 60 రోజులు. బోర్డు కేసులు చూసే లాయర్, ఇమిగ్రేషన్ లాయర్, ఇద్దరితోనూ మాట్లాడాకే సంతకం.

ఇండియా ప్రయాణం అడగని తెలుగు నర్సు ఉండదు. వారాల ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. కొన్ని ప్రోగ్రాంలు అక్కడ ఉన్న రోజులకు పరీక్షల మినహాయింపు ఇస్తాయి, ఇంకొన్ని ససేమిరా అంటాయి. మినహాయింపు ఇచ్చినా తిరిగొచ్చాక వెంట్రుకల పరీక్ష పెట్టొచ్చు, అది దాదాపు 90 రోజుల వెనక్కి చూస్తుంది. అక్కడ దగ్గు పట్టినా నడుం నొప్పి వచ్చినా కోడీన్ సిరప్, ట్రమడాల్ కలిసిన మాత్రలు వద్దు. మెడికల్ షాపులో ఇచ్చిన స్ట్రిప్ మీద మందు పేరు చదివి, మామూలు పారాసెటమాల్ అడిగి తీసుకోవాలి, బిల్లు దాచుకోవాలి.