ఉద్యోగం నుంచి మెల్లగా తప్పుకునేవారికి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్: ఒక అనంతపురం ఖాతాదారు సమీక్ష

పోస్టాఫీసుల్లో, బ్యాంకుల్లో ఉండే ప్రభుత్వ పొదుపు పథకం సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ అనగానే అది అరవై దాటినవారి వ్యవహారమని చాలామంది పక్కన పెట్టేస్తారు. నిజానికి 55 ఏళ్లు నిండి, 60 నిండకముందే ఉద్యోగ విరమణ చేసినవారు కూడా ఇందులో చేరవచ్చు. అయితే పీఎఫ్, గ్రాట్యుటీ వంటి విరమణ సొమ్ము చేతికందిన మూడు నెలల లోపే ఖాతా తెరవాలి, ఆ సొమ్ముకు మించి జమ చేయకూడదు. 2023 నవంబరుకు ముందు ఈ గడువు ఒక్క నెలే ఉండేది. పీఎఫ్ ఒకసారి, గ్రాట్యుటీ ఇంకోసారి వచ్చే ప్రైవేటు ఉద్యోగులకు ఈ సడలింపు ఎంత మేలు చేసిందో అనుభవించినవారికే తెలుస్తుంది.

అనంతపురంలో ఒక ప్రైవేటు సంస్థలో చాలా ఏళ్లు అకౌంట్స్ చూసి, 56వ ఏట మానేశాను. పూర్తిగా ఇంట్లో కూర్చోవాలన్న ఉద్దేశం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. తాడిపత్రి వైపు ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో వారానికి మూడు రోజులు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసి వస్తున్నాను. అక్కడ వచ్చేది పాత జీతంలో మూడో వంతు కూడా కాదు. మిగిలిన లోటులో కొంతైనా పూడ్చే స్థిరమైన రాబడి కావాలి, అసలు సొమ్ముకు ఢోకా ఉండకూడదు. ఈ రెండు అవసరాలను ఎదురుగా పెట్టుకునే ఈ పథకాన్ని తూచి చూశాను.

ఖాతా తెరవడం కష్టమేమీ కాదు. ఆధార్, పాన్, ఫొటోలతో పాటు మావంటి వయసువారు పాత యజమాని ఇచ్చిన ధ్రువపత్రం జత చేయాలి. ఏ ఉద్యోగం, ఎంతకాలం, ఎప్పుడు విరమించారు, ఏ ప్రయోజనాలు అందాయి అన్నవి అందులో ఉండాలి. ఆఫీసు వదిలే ముందే ఈ కాగితం రాయించుకోవడం మంచిది. వదిలాక వెనక్కి వెళ్లి అడిగితే మర్యాదగా కాఫీ ఇస్తారు గానీ కాగితం మాత్రం రేపంటారు.

వడ్డీ రేటు 2023 ఏప్రిల్‌లో 8.2 శాతానికి పెరిగింది, నేను చేరినప్పుడూ అదే. చేరిన రోజున ఉన్న రేటు అయిదేళ్లూ మారదు. ఒక మనిషి గరిష్ఠంగా 30 లక్షలు పెట్టవచ్చు. నేను పెట్టిన 18 లక్షలకు మూడు నెలలకొకసారి 36,900 రూపాయలు పొదుపు ఖాతాలో పడుతుంది. మధ్యలో చేరితే తొలి విడత ఆ త్రైమాసికంలో మిగిలిన రోజులకే లెక్కగడతారు కనుక చాలా తక్కువ వస్తుంది. మా ఇంట్లో ఆ మెసేజీ చూసి "ఇంతేనా?" అన్న ప్రశ్న పుట్టడానికి అదే కారణం.

ఈ పథకంతో నాకున్న అసలు పేచీ మూడు నెలల దగ్గరే. పాలవాడికి, కరెంటుకు, చీటీ పాటకు నెలనెలా కట్టాలి. వడ్డీ మాత్రం ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి నెలల మొదట్లో వస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా ఒకటో తారీఖుకు అలవాటు పడ్డ మనిషికి ఇది చిన్న విషయం కాదు. మా నాన్న వర్షాధారం మీద శెనక్కాయ పండించేవారు. కాయలు అమ్మిన డబ్బు ఏడాదికొకసారి ఇంటికొస్తే, అప్పులు తీర్చగా మిగిలినదాన్ని వచ్చే పంట దాకా అమ్మ సాగదీసేది. ఉద్యోగం వచ్చాక ఆ విద్య నాకు అక్కరలేకపోయింది. ఇప్పుడు దానిలో నాలుగో వంతైనా నేర్చుకోవలసి వస్తోంది. వడ్డీ పడే ఖాతాను వేరుగా ఉంచి, అందులోంచి ప్రతి నెలా ఒకటో తేదీన 12,300 ఇంటిఖర్చుల ఖాతాకు దానంతటదే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకున్నాను. ఆ రోజు ఫోనులో మెసేజీ మోగితే, జీతం పడిందనే భ్రమ ఇప్పటికీ ఒక్క క్షణం కలుగుతుంది. నెలనెలా నేరుగా వడ్డీ కావాలనుకునేవారికి పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ ఉంది గానీ, నేను చూసినప్పుడు దాని రేటు 7.4 శాతం, ఒక్కరి పేరుతో పరిమితి 9 లక్షలు. ఆ తేడాకు నా ఏర్పాటే నయమనిపించింది.

కొన్ని షరతులు గట్టివే. ఏడాది లోపు ఖాతా మూసేస్తే ఇచ్చిన వడ్డీని అసలులోంచి వెనక్కి తీసుకుంటారు, రెండేళ్ల లోపైతే అసలులో ఒకటిన్నర శాతం, ఆ తర్వాతైతే ఒక శాతం కోస్తారు. తీసుకోకుండా వదిలేసిన వడ్డీకి మళ్లీ వడ్డీ రాదు. వచ్చిన వడ్డీ ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ధరలు పెరిగినా మన 12,300 పెరగదు. కనుక కూతురి పెళ్లికో, ఆసుపత్రికో అవసరపడే డబ్బును ఇందులో పెట్టడం నేను సమర్థించను. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది కాబట్టి, సొంత పాలసీ తీసుకున్నాకే మిగిలిన సొమ్ము గురించి ఆలోచించాలి.

పీఎఫ్ పెన్షన్‌ను కూడా దీనితో కలిపి చూడాలి. 58 ఏళ్లకు ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గిస్తారు, ఆ కోత జీవితాంతం ఉంటుంది. ఈ వడ్డీ, మూడు రోజుల పని ఉన్నాయి కాబట్టి నేను తొందరపడకుండా 58 దాకా ఆగుతున్నాను. నాకు ఈ పథకం చేసిన పెద్ద ఉపకారం ఇదే. మార్చిలో లెక్కల ముగింపు ఉంటుంది కనుక ఇకమీద వారమంతా రమ్మని ఫ్యాక్టరీ యజమాని అడిగితే, ఆ ఒక్క నెలకే వస్తానని చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు.