గద్వాల కోటలో గంట, మగ్గం దగ్గర పూట

కోట ముఖద్వారం దాటగానే అమ్మ ఆగిపోయింది. "ఇదేమిటే, ఇక్కడ పిల్లలు పరీక్షలకు చదువుకుంటున్నారు!" నిజమే. గద్వాల మట్టికోట లోపల ఇప్పుడు డిగ్రీ కళాశాల ఉంది, సంస్థానపు ఆఖరి రాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరుతో. అద్దాల పెట్టెల్లో కత్తులు, కిరీటాలు చూద్దామని వెళ్తే నిరాశే. మేం వెళ్లిన రోజు టిక్కెట్టు లేదు, చూపించి చెప్పేవారు లేరు. సంస్థానాన్ని ఏలిన సోమనాద్రి కట్టించిన కోట ఇదని ఇంట్లో చదువుకుని వెళ్లడమే మంచిది.

చూడాల్సింది ప్రధానంగా భూలక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి. గోపురం కింద నీడలో కూర్చుంటే బయట బజారు ఉన్న సంగతే గుర్తుకు రాదు. గోడల వెంట తిరుగుదామంటే ముళ్లకంప అడ్డం. అంతా కలిపి గంట సరిపోయింది. కోట కోసమే వంద మైళ్లు వచ్చేవారికి ఇది చాలదు. నాకైతే చాలింది, ఎందుకంటే మా అసలు పని, గద్వాల చీర కొనడం, మధ్యాహ్నం ఉంది.

మహబూబ్‌నగర్ నుంచి కర్నూలు వైపు వెళ్లే రైల్లో వచ్చాం, హాయిగా ఉంది. బస గురించి మాత్రం హెచ్చరిక. బస్టాండు దగ్గర దిగిన లాడ్జిలో రోజుకు 1,200 రూపాయలు తీసుకుని, వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకే అన్నారు. ఆరున్నరకే అయిపోయాయి. అడిగితే, "ముందు లేచినవాళ్లు పోసుకున్నారమ్మా" అని నవ్వాడు కుర్రాడు. అతని మీద కోపం రాలేదు, యజమాని మీద వచ్చింది. భోజనానికి మాత్రం లోటు లేదు. జూరాల ఆనకట్ట దగ్గర అప్పటికప్పుడు వేయించిన చేపలు, జొన్నరొట్టె తిన్నాక లాడ్జిని సగం క్షమించాను.

చీర దుకాణంలో కొనకుండా నేత ఇంటికి వెళ్లాలన్నది అమ్మ పట్టు. గుంట మగ్గానికి ఒక పక్క భర్త, ఇంకో పక్క భార్య. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పేక, అంటే అడ్డపోగు, వచ్చి అంచు దగ్గర ఆగుతుంది. పట్టు పేక అవతలి నుంచి వచ్చి దాన్ని మెలేసి వెనక్కి వెళ్తుంది. ప్రతి వరుసకూ ఆ ముడి చేత్తోనే పడాలి. దీన్ని కుప్పడం నేత అంటారు. అరగంట చూస్తే అంగుళం కూడా సాగలేదు. ధర మీద బేరమాడే ఉత్సాహం అక్కడే పోయింది, 7,500 ఇచ్చి వచ్చాం.

అంచు మీద దంతాల వరుసలాంటి డిజైను పేరు కోటకొమ్మ, అంటే కోటగోడ పైఅంచున ఉండే దంతాలు. "పొద్దున చూసిన గోడ మీద ఇవి సగం రాలిపోయాయి కదే" అంది అమ్మ, అంచు మీద వేలు నడిపిస్తూ.

ఆమెకు అన్నిటికంటే నచ్చిన సంగతి వేరే. తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు ఏటా ఈ ఊరి నుంచే స్వామికి కట్టే ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. సంస్థానం మొదలుపెట్టిన ఆనవాయితీ. కృష్ణా తుంగభద్రల మధ్య నేల నడిగడ్డ, అక్కడి నేతగాళ్లు 41 రోజులు నిష్ఠతో ఉండి 11 గజాల పొడవు నేస్తారు. సంస్థానం పోయినా పంచెల ప్రయాణం ఆగలేదు.

మర్నాడు కారు మాట్లాడుకుని అలంపురం వెళ్లాం. శిల్పసంపద చూడాలనుకునేవారు కోటకు గంట, దీనికి పూట కేటాయించండి. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాల శిఖరాలు మన దక్షిణాది గోపురాల్లా ఉండవు, ఒడిశా వైపు గుడులు గుర్తొస్తాయి. వాటిలో స్వర్గబ్రహ్మ గుడి గోడల మీది బొమ్మల దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడ్డాను. పక్కనే ఉన్న మ్యూజియం చిన్నదే, కానీ వదలకండి. అక్కడి లజ్జాగౌరి అనే సంతానదేవత శిల్పానికి తల స్థానంలో తామరపువ్వు ఉంటుంది. అమ్మ చెప్పులు విప్పి దండం పెట్టింది.

రెండో రాత్రికి గద్వాల తిరిగి రాకుండా కర్నూలులో దిగాం. దగ్గర కూడా, గదులూ ఎక్కువ. ఒక్క పొరపాటు చేశాం, అలంపురం గుడుల దగ్గరికి ఒంటిగంటకు చేరాం. రాతి పలకలు పెనంలా కాలుతున్నాయి. అమ్మ కొత్త చీర పెట్టిన అట్టపెట్టె మూతను కాళ్ల కింద వేసుకుని, దాని మీద నిలబడి ఒక్కో గుడికీ దండం పెట్టింది. పొద్దున్నే వెళ్లండి, లేదా మేజోళ్లు తీసుకెళ్లండి.