స్టెప్నీనా, సీలెంట్ కిట్టా?

కారు టైరులో రోడ్డుకు ఆనే భాగంలో చిన్న మేకు దిగితే నా ఓటు కిట్‌కే. మేకు పీకకుండా వాల్వ్‌లోంచి సీలెంట్ (రంధ్రాన్ని మూసే జిగురు ద్రవం) ఎక్కించి, గాలి కొట్టి, నెమ్మదిగా పంక్చర్ షాపు దాకా వెళ్లొచ్చు. బళ్లు దూసుకెళ్లే రోడ్డు పక్కన వంగి కూర్చునే పని తప్పుతుంది, అదే పెద్ద లాభం. కానీ టైరు పక్క గోడ చీలితే కిట్ పనికిరాదు.

అప్పుడు స్టెప్నీయే దిక్కు. గట్టి, చదునైన నేల చూసుకుని హ్యాండ్‌బ్రేక్ వేయాలి, మరో చక్రానికి రాయి అడ్డుపెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేయాలి. జాకీ మీద లేపాక బలంగా లాగితే కారు పక్కకు ఒరిగిపోవచ్చు. ఆ కారు కిందకి చేయి కూడా పెట్టొద్దు! మామూలు టైరు కన్నా సన్నగా ఉండే స్టెప్నీ అయితే సాధారణంగా గంటకు 80 కి.మీ. దాటకూడదు.