బల్లార్షా ఎండల్లో రెడ్ వైన్ దాచుకుని తాగిన నాలుగేళ్లు

మా నాన్న కల్లు మనిషి. పొద్దున దించింది పొద్దునే తాగాలి, ఎండెక్కితే పులుస్తుంది, సాయంత్రానికి పారబోయడమే అన్నది ఆయన లెక్క. ఆయన ముందు ఒక రెడ్ వైన్ సీసా పెట్టి "దీన్ని మూడేళ్లు దాచి తెరుస్తా" అన్నాను. "దాస్తే మంచిగయ్యేటియి బియ్యం, చింతపండు. తాగేటిది దాచుడేంది కొడుకా?" అన్నాడు. నాలుగేళ్లు దాచి, తాగి, కొన్ని పారబోసి ఇప్పుడు రాస్తున్నాను. ఆయన అన్నదాంట్లో సగం కంటే ఎక్కువే నిజం.

మేముండేది మహారాష్ట్రలోని బల్లార్షాలో. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ, హిందీ. మా చంద్రపూర్ జిల్లాలో 2015 ఏప్రిల్ నుంచి మద్యనిషేధం ఉండేది, 2021లో ఎత్తేశారు. కాబట్టి ఈ ఊళ్లో భోజనంతో పాటు ఒక గ్లాసు వైన్ అనేది మాకు కొత్త ముచ్చటే. ఆ ఏడు డిసెంబర్‌లో షిర్డీ, త్ర్యంబకేశ్వరం వెళ్లినప్పుడు నాసిక్‌లో ఆగి ఆరు సీసాలు కొన్నాం. వచ్చేటప్పుడు వార్ధా జిల్లా తగలకుండా యవత్మాల్, వణీ మీదుగా వచ్చాం, అక్కడ నిషేధం ఉంది కదా. డిక్కీలో ఒక పక్క బాబా ప్రసాదం, ఇంకో పక్క సీసాలు. మా ఆవిడ రెంటి మధ్య దుప్పటి మడిచి అడ్డం పెట్టింది.

ఆ ఆరింటిలో ఒకే రకం, ఒకే ఏడాది పంటవి నాలుగు. మాతో వచ్చిన బావమరిది వాటిలో రెండు పుణెకు పట్టుకుపోయాడు. మావి అల్మారా కింది అరలో గోనె సంచి పరిచి పడుకోబెట్టాను. చీకటిగా ఉంది, కదలిక లేదు, ఇంకేం కావాలి అనుకున్నా. మే నెల వచ్చింది. మా దగ్గర 46, 47 డిగ్రీలు మామూలు. కూలర్ రోజంతా నడిచినా ఇంట్లో 36 కంటే తగ్గదు. పొలాల అమావాస్య మర్నాడు ఒక సీసా తీస్తే పైన రేకు చేతికి బంకగా అంటుకుంది. బిరడా అంచు మీదికి లేచి ఉంది. గ్లాసులో పోస్తే కాగిన బెల్లం పాకం వాసన. పండు అన్నది ఎక్కడా లేదు. దీపావళికి పుణె వెళ్లి దాని తోడబుట్టిన సీసా తెరిపించాను. నేరేడు పండు, కాస్త లవంగం, చివర నాలుకను పట్టుకునే వగరు! తేడా ఎవరికైనా తెలుస్తుంది. బావమరిది గదిలో వేసవంతా ఏసీ నడుస్తుంది, అంతే.

వేడికి సీసాలో వైన్ ఉబ్బి బిరడాను తోస్తుంది. రాత్రి చల్లబడితే కుంచించుకుని, ఆ సందులోంచి గాలి లోపలికి పోతుంది. రోజూ ఇదే తంతు. దాచడానికి 12 నుంచి 14 డిగ్రీలు మంచిదని అందరూ అంటారు గానీ, నా అనుభవంలో అంకె కంటే నిలకడ ముఖ్యం. పదహారులో స్థిరంగా ఉన్న సీసా బాగానే ఉంది. రాత్రికీ పగలుకీ పది డిగ్రీలు ఊగిన సీసా పోయింది.

ఇక్కడ ఫ్రిజ్ సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నేను డబ్బు పోగొట్టుకున్నది ఇక్కడే. 2022 చివర్లో పన్నెండు సీసాలు పట్టే చిన్న వైన్ ఫ్రిజ్ కొన్నాను. చప్పుడు లేదు, అదురు లేదు, లోపల నీలం లైటు, చూడటానికి నగల పెట్టెలా ఉంది. చలికాలమంతా 13 దగ్గర నిలబడింది. ఏప్రిల్ నుంచి కథ మారింది. అది కంప్రెసర్ లేని రకం. కరెంటుతో ఒక పలకను ఒకవైపు చల్లబరిచి ఇంకోవైపు వేడిని బయటికి తోసే పద్ధతి, పెల్టియర్ అంటారు. గది వేడి కంటే ఓ పదిహేను, ఇరవై డిగ్రీలు తగ్గించడమే దానికి చేతనవును. గది 38లో ఉంటే ముక్కుతూ మూలుగుతూ 21, 22 దగ్గర ఆగింది. పైన అంకెల్లో మాత్రం నేను పెట్టిన 13 అలాగే వెలుగుతోంది! లోపల ఒక థర్మామీటర్ పెట్టకపోతే నాకు తెలిసేది కాదు. బెంగళూరులో ఉన్నవాళ్లు దాన్ని మెచ్చుకుంటే నమ్మండి, వాళ్ల ఊరికి అది చాలు. విదర్భకు, మన రామగుండానికి, ఆదిలాబాద్‌కు అది పనికిరాదు.

2024 ఫిబ్రవరిలో దాన్ని అమ్మేసి కంప్రెసర్ ఉన్నది కొన్నాను. పడుకునే గదిలో పెట్టలేం, గుర్రుమంటుంది. సన్నగా అదురు కూడా ఉంటుంది, కింద రబ్బరు ముక్కలు వేశాను. కానీ రెండు వేసవులు 13, 14 మధ్యే ఉంది. కరెంటు రెండు గంటలు పోయినా తలుపు తీయకపోతే రెండు డిగ్రీలకు మించి పెరగలేదు. నిండుగా ఉన్న ఫ్రిజ్ చల్లదనాన్ని బాగా పట్టి ఉంచుతుంది, అందుకే ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు పెడతాను.

సరే, ఇంత చేసి దాచినందుకు ఏం లాభం?

వగరు తగ్గుతుంది, మొట్టమొదటి మాట అది. ద్రాక్ష తొక్కలోంచి, గింజలోంచి వచ్చే వగరు, ఓక్ చెక్క పీపాలోంచి వచ్చే వగరు కొత్త వైన్‌లో పచ్చి వక్క నమిలినట్టు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అవి ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి, కొంత రంగును కూడా పట్టుకుని అడుగుకు దిగుతాయి. పాత సీసా అడుగున కనబడే ముదురు మడ్డి అదే. దాంతో రుచి మెత్తబడుతుంది, పండు వాసన వెనక్కి పోయి ఎండు అంజూర, పొగాకు, తోలు, తొలకరి మట్టి లాంటివి ముందుకొస్తాయి. అయితే మొదట్లో వగరు, పులుపు, పండు మూడూ దండిగా ఉన్న వైన్‌కే ఈ ప్రయాణం. షిరాజ్ అనే నల్ల ద్రాక్షతో చేసిన, తక్కువ ధరలో దొరికే తేలిక వైన్ ఒకటి మూడేళ్లు దాచాను. తెరిస్తే రంగు నీళ్లు. తప్పు దానిది కాదు, అది కొన్న ఏడాదిలో తాగడానికి చేసిన సరుకు. అంగళ్లలో ఉండే రెడ్ వైన్‌లలో ఎక్కువ భాగం ఇలాంటివే. నాన్న మాట నిజమయ్యేది ఈ చోటే.

దాచినందుకు ఫలితం చూపించింది గ్రోవర్ వాళ్ల లా రిజర్వ్. బెంగళూరు దగ్గర నంది హిల్స్‌లో కాబర్నే, షిరాజ్ ద్రాక్షలు కలిపి చేసేది. మూడు సీసాలు ఒకేసారి తీసుకుని, మొదటిది 2023 జనవరిలో, రెండోది ఏడాదికి, మూడోది మొన్న నవంబర్‌లో తెరిచాం. మొదటిది గట్టిగా ఉంది, అరగంట గ్లాసులో ఉంచితే గానీ విప్పుకోలేదు. రెండోది నాకు అన్నిటికంటే నచ్చింది. పండు ఉంది, వగరు ఒదిగింది. మూడోది ఇంకా మెత్తన, కానీ పండు సన్నబడింది. మధ్యలో 2023 వేసవి పాత ఫ్రిజ్‌లో 22 డిగ్రీల్లో గడిపింది కాబట్టి కొంత పాపం నాదే. మా ఆవిడకు మాత్రం మూడోదే నచ్చింది. నాన్నకు రెండు చెంచాలు పోస్తే చప్పరించి "నేరేడు పండు ఎండవెట్టినట్టున్నది, ఖరాబు గాలే" అన్నాడు. ఆయన నోట ఇంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

ఫ్రాటెల్లి వాళ్ల సెట్టె కూడా రెండు దాచాను. ఇది మన మహారాష్ట్రదే, సోలాపూర్ జిల్లా అక్లూజ్ నుంచి వస్తుంది. ఇటలీ ద్రాక్ష సాంజొవేసె, కాబర్నే కలిపి చేస్తారు. దీని పులుపు నిలబడే పులుపు. అది ఎందుకు పనికొచ్చిందో కింద చెప్తాను. ఒక చిన్న విషయం: మన దగ్గర ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చిలోపు, యూరప్‌లో ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు. అందువల్ల రెండు సీసాల మీదా ఒకే సంవత్సరం ఉన్నా మనది ఆరేడు నెలలు పెద్దది.

విదేశీ సీసా ఒక్కటే దాచాను. మేనల్లుడు ఎయిర్‌పోర్టులో కొనుక్కొచ్చిన రియోహా రిజర్వా, స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు వైన్, 2017 పంట. అక్కడ రిజర్వా అని పేరు పెట్టాలంటే కనీసం మూడేళ్లు, అందులో ఒక ఏడాదైనా ఓక్ పీపాలో ఉంచాలని నియమం. అంటే దాచే పని సగం వాళ్లే చేసి పంపుతారు. ఫ్రిజ్ లేనివాళ్లకు నా సలహా ఇదే, ఇలాంటిది కొని చలికాలంలోనే తాగేయండి.

ఇక భోజనం. పుస్తకాల్లో రెడ్ వైన్‌కు మాంసం అని రాస్తారు. ఆ మాంసం మా ఇంటి మాంసం కాదు. మొదట్లో ఉత్సాహం కొద్దీ సావజీ మటన్‌తో ఒక మంచి సీసా తెరిచాను. నాగపూర్ సావజీ కారం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ కారం మీద పద్నాలుగు శాతం ఆల్కహాల్ పోస్తే నిప్పుల మీద నెయ్యి పోసినట్టే. వగరు కూడా చేదెక్కింది. ఇద్దరం మజ్జిగ తాగి పడుకున్నాం. పచ్చిపులుసుతో ఇంకో రకం ఇబ్బంది. చింతపండు పులుపు ముందు మెత్తబడిన పాత వైన్ చప్పిడి నీళ్లయిపోతుంది. గోంగూర మటన్‌తోనూ అదే భయపడ్డాను, కానీ సెట్టె తట్టుకుంది. దాని పులుపు కూర పులుపుకు జోడీ అయింది.

అన్నిటికంటే బాగా కుదిరింది మిరియాల కార్జం వేపుడు. ఎండుకారం వేయకుండా మిరియాలు, వెల్లుల్లి, కొద్దిగా నెయ్యితో మా ఆవిడ చేస్తుంది. షిరాజ్‌లో వచ్చే మిరియాల వాసనకు రోటుండోన్ అనే పదార్థం కారణం, మిరియాల్లో ఉండేదీ అదే. నేను ఇది చదివి చెప్పకముందే "ఈ వైన్ల మిరియాలు ఏసిన్రా?" అని అడిగింది తను. రెండో జోడీ నేను ఊహించనిది, నిప్పుల మీద కాల్చిన వంకాయ పచ్చడి, జొన్న రొట్టె. ఇక్కడి మరాఠీ వాళ్లు భరీత్ అంటారు, పల్లీలు, పచ్చి నూనె వేస్తారు. పచ్చిమిర్చి సగానికి తగ్గించి చేసుకుంటే ఆ పొగ వాసనతో రియోహా హాయిగా కలిసిపోయింది. ఒక రాత్రి సీసా మొత్తం అయిపోయింది, మామూలుగా మేం ఇద్దరం ఒక్కో సీసా రెండు రాత్రులు తాగుతాం.

కొత్తది రెండో రాత్రికి కూడా బాగుంటుంది, ఫ్రిజ్‌లో పెట్టాలి అంతే. పాతది ఆగదు. గంటన్నరలోనే ముఖం వాడిపోతుంది. అందుకే పాత సీసాను జగ్గులో పోసి గంటలు గంటలు ఉంచడం మానేశాను. ముందు రోజు నిలబెట్టి ఉంచితే మడ్డి అడుగుకు చేరుతుంది. తర్వాత ఫోన్ టార్చి మెడ వెనక పెట్టి, వంచిన సీసాను మళ్లీ ఎత్తకుండా నిదానంగా పోస్తాను. తొందరలో టీ వడకట్టే జల్లెడ వాడిన రోజులూ ఉన్నాయి, ఏమీ కాలేదు.

రెడ్ వైన్‌ను రూం టెంపరేచర్‌లో తాగాలంటారు. ఏ రూం? చలిదేశం వాళ్ల 17 డిగ్రీల గది. మా గదిలో ఉంచి తాగితే స్పిరిట్ వాసన తప్ప ఏదీ తగలదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాల్లో పోసుకోవాలి, గ్లాసులో కొంచెమే పోసుకోవాలి, సీసా తిరిగి లోపల పెట్టాలి. రంగు చూడటానికి పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, దాని మీద గ్లాసు వంచుతాను. అంచు ఊదాగా ఉంటే ఇంకా కుర్రది, ఇటుక రంగుకు తిరిగితే వయసొచ్చింది, టీ రంగుకొస్తే ఆలస్యం చేశాం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే మాత్రం అది వయసు కాదు, బిరడా చెడింది. నాకు నాలుగేళ్లలో ఒకసారి వచ్చింది. ఇంకో రెండు సీసాలు కొనేటప్పుడే చచ్చి ఉన్నాయి. ఆ అంగడిలో వాటిని ఎండ పడే గాజు అల్మారాలో నిలబెట్టి అమ్ముతున్నారు, చూసి కూడా కొన్నాను. ఇప్పుడు కొనేముందు బిరడా పొంగిందేమో మెడ మీద వేలు పెట్టి చూస్తాను, వెనక గదిలో పెట్టె విప్పనిది ఉంటే అదే అడుగుతాను.

ప్రస్తుతం ఫ్రిజ్‌లో ఏడు సీసాలున్నాయి. సెట్టె మిగిలింది ఒకటి, దాన్ని ఈ సంక్రాంతి లోపు తెరవాలి, ఇంకో వేసవి దాటించే ధైర్యం నాకు లేదు. ఖాళీ అయిన కింది అరలో నీళ్ల సీసాలు తీసేసి మా ఆవిడ మల్లెమొగ్గల డబ్బా పెట్టింది. పదమూడు డిగ్రీల్లో రెండు రోజులు విడవకుండా ఉంటున్నాయట. వాసన బిరడాలకు పడుతుందని చెప్పాను, మూత గట్టిగా పెట్టానంది.